ప్రతిభా కారంజి: మార్కుల పట్టికలో కనిపించని పిల్లలు

కర్ణాటక పాఠశాలలలో జరిగే 'ప్రతిభా కారంజి' మన సరిహద్దు తాలూకాల తల్లిదండ్రులకు కొత్త మాట కాదు. కన్నడంలో కారంజి అంటే పైకి చిమ్మే నీటి ధార. పాఠ్యపుస్తకాలకు వెలుపల బాలబాలికలలో ఉన్న నేర్పును వెలికి తీయాలన్న సంకల్పంతో రాష్ట్ర విద్యాశాఖ ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దీనిని ప్రారంభించింది. హోసూరు వైపు పాఠకులకు పరిచయమైన తమిళనాడు 'కలై తిరువిళా' ఇదే కోవకు చెందినది. అది 2022లో మొదలైంది. అయితే ముల్బాగల్, బాగేపల్లి, చింతామణి, పావగడ ప్రాంతాల తెలుగింటి బిడ్డకు ఈ కారంజి ఏ మేరకు ఉపకరిస్తుంది, ఎక్కడ ఉపకరించకుండా పోతుంది అన్నది కొంత వివరంగా చూడవలసిన విషయం.

పోటీలు పాఠశాలలోనే ఆరంభమవుతాయి. అక్కడ నెగ్గినవారు క్లస్టరుకు, అక్కడినుండి తాలూకాకు, ఆపై మెట్లకు వెళతారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు పోటీలు వేరుగా ఉంటాయి. కంఠపాఠం, కథ చెప్పడం, అభినయ గీతం, చిత్రలేఖనం, మట్టి బొమ్మలు చేయడం, విచిత్ర వేషధారణ, భక్తిగీతాలు వీటిలో ముఖ్యమైనవి. జట్టుగా ఆడే కోలాటం, జానపద నృత్యం కూడా ఉన్నాయి. మనకు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి వేరొకటి ఉన్నది. కంఠపాఠం, ప్రసంగం వంటి భాషా పోటీలలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ, తుళు, కొంకణి వంటి భాషలకు కూడా చోటు కల్పించారు. ఏ తరగతివారికి ఏ అంశం ఉన్నదో ఆ యేటి సర్క్యులర్‌లో చూసుకోవాలి.

ఈ చోటు విలువ తెలియాలంటే తరగతి గదిలోకి తొంగిచూడాలి. ఇంట్లో తెలుగు మాట్లాడి, కన్నడ మాధ్యమంలో ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాడు తొలి రెండు మూడేళ్లు మాటలు వెతుక్కుంటాడు. అవ్వ చెప్పిన కథను ఇంటి అరుగు మీద ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలవాడు తరగతిలో నోరు విప్పడు. పరీక్షలో తేలేది ప్రధానంగా వాడి కన్నడం. కాని ఇంటికి వచ్చే మాట మాత్రం 'మీవాడికి చదువు రాదు' అని. కైవార తాతయ్య తత్త్వాలను తెలుగులోనూ కన్నడంలోనూ కలగలిపి పాడుకునే నేలలో ఇటువంటి మాట వినవలసి రావడం విచారకరం. అటువంటి పిల్లవాడు వేదిక మీద నిలబడి తన భాషలో నాలుగు శతక పద్యాలు తప్పులేకుండా చెబితే, తోటివారు, ముఖ్యంగా ఉపాధ్యాయులు, వాడిని చూసే చూపు మారుతుంది. ఆ తరువాత వాడు కన్నడంలోనూ నోరు విప్పడానికి వెనుకాడడు.

అయినా ఉపాధ్యాయునికి తెలుగు రాని పాఠశాలలో ఆ అంశానికి పేరు ఇచ్చేవారెవరు? పద్యం సరిగా చెప్పాడో లేదో చూసేవారెవరు? ఈ లోటును ఇంటివారే పూరించాలి. పద్యం నేర్పవలసింది అమ్మ, అవ్వ, తాత. పేరు ఇమ్మని అడగవలసింది తండ్రి.

మరొక చిక్కు పోటీ స్వభావంలోనే ఉన్నది. ఒక క్లస్టరులో పన్నెండు పాఠశాలలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క అంశానికి పన్నెండు మంది వస్తే, ఒకరు పైకి వెళతారు, పదకొండు మంది ఊరికి తిరిగి వస్తారు. ఏడేళ్ల పసివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. వేషధారణ, నృత్యం వంటి వాటిలో అద్దె దుస్తులకు, శిక్షణకు డబ్బు పెట్టగలిగినవారిదే పైచేయి అవుతుంది. నెగ్గినవారి ఫోటో గోడ మీదికి ఎక్కుతుంది. మిగిలినవారి ఊసు ఎవరూ ఎత్తరు. పోటీ వద్దని చెప్పడం లేదు. ప్రాథమిక పాఠశాలలో మెచ్చుకోవడమంతా ఆ ఒక్కరోజుకే పరిమితం కారాదన్నదే మా అభిప్రాయం.

బహుమతి గురించి ఒక పాత ప్రయోగం తెలుసుకోదగినది. 1973లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టం ఉన్న శిశుతరగతి పిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందే చెప్పారు. రెండవ జట్టుకు చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మూడవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తరువాత గమనిస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు ఖాళీ వేళలో బొమ్మలకు వెచ్చించిన సమయం మిగిలిన జట్లలో సుమారు సగమే ఉన్నది. అనుకోకుండా పత్రం అందుకున్నవారిలో ఆ తగ్గుదల లేదు. ఇష్టంగా చేసే పనికి ముందుగా వెల కట్టడం మంచిది కాదని దీనినిబట్టి తెలుస్తున్నది.

కనుక వారానికొకసారి ప్రార్థన సమయంలో అయిదు నిమిషాలు చాలు. 'బాగా చేశావు' అనడంకంటె, ఏం చేశాడో చెప్పడం మేలు. శిడ్లఘట్ట ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇంటి బాలికను తీసుకోండి. పురుగుకు నాలుగు 'జ్వరాలు' వస్తాయని, ఆ వేళ ఆకు వేయకూడదని, పండిన పురుగును ఎప్పుడు చంద్రికెకు ఎక్కించాలో ఆమెకు తెలుసు. సైన్సు పాఠం చెప్పవలసినవన్నీ ఆమె చూపులో ఉన్నాయి. ఆమెను ముందుకు పిలిచి తోటివారికి వివరించమంటే పాఠశాలకు ఖర్చేమీ లేదు. (పంట రోజులలో బడి మాన్పించడాన్ని మెచ్చుకొమ్మని కాదు, ఆ రెండింటినీ కలపరాదు.) చెల్లెలి చేయి పట్టుకొని రోజూ రోడ్డు దాటించే అన్న, చెట్టుకు నీళ్లు మరువని పిల్ల, కొత్తగా చేరినవాడికి ఆటలో చోటిచ్చినవాడు కూడా ఈ వరుసలో రావాలి.

ఇది ఉపాధ్యాయుల దయ మీద ఆధారపడిన విషయం కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షను బిడ్డ సర్వతోముఖ వికాసాన్ని, ప్రతిభను పెంపొందించడాన్ని, భయం లేకుండా మాట్లాడగలగడాన్ని, వీలైనంతవరకు మాతృభాషలో బోధనను పేర్కొంటున్నది. అదే చట్టం పాఠశాల నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చెబుతున్నది. కర్ణాటకలో ఎస్.డి.ఎం.సి. అని పిలిచేది ఈ సంఘాన్నే.

ఆ సంఘం సమావేశంలో అడగవలసినవి రెండు. ఈ ఏడాది కారంజి సర్క్యులర్ వచ్చిందా, అందులో మన పిల్లల తరగతులకు తెలుగు అంశం ఉన్నదా అన్నది మొదటిది. ప్రతి తరగతికి ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రతి బిడ్డ పేరు ఎదుట ఏడాదిలో కనీసం ఒక్క మంచి పనినైనా తేదీతో వ్రాయగలరా అన్నది రెండవది. ఏ పేరు ఎదుట ఖాళీ మిగిలిందో డిసెంబరు నెలలో ఒకసారి చూసుకుంటే, మిగిలిన నెలలలో ఎవరిని గమనించాలో ఉపాధ్యాయునికే తెలుస్తుంది.