ఎడారిలో తప్పిపోయినవాడే ర్యాలీ ఎందుకు పెట్టాడు?

డాకర్ ర్యాలీని స్థాపించిన తియెరీ సబీన్ 1949లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. కార్లు, మోటార్‌సైకిళ్లు రెండింటితోనూ పందేలాడాడు. 1977లో అబిజాన్–నీస్ ర్యాలీలో బైకు నడుపుతూ లిబియా ఎడారిలో దారి తప్పాడు. చావుకు దగ్గరైన అతన్ని గాలింపు విమానం కనిపెట్టింది. ఇంకొకరైతే ఎడారి పేరెత్తేవారు కాదు. సబీన్ మాత్రం ఆ అనుభవాన్ని పదిమందికీ పంచాలనుకున్నాడు. అలా పెట్టిన తొలి ర్యాలీకి 1978 డిసెంబరు 26న పారిస్‌లో 182 వాహనాలు బయల్దేరాయి. సుమారు 10,000 కిలోమీటర్ల అవతల, సెనెగల్ రాజధాని డాకర్‌కు చేరినవి 74.

ఆ దారిలోని ఎడారి ఇసుకలో బండి ఎందుకు దిగబడుతుంది? ఆంధ్ర తీరంలో ఈపురుపాలెం వైపు సముద్రపు ఒడ్డున సైకిలు తోసిన పిల్లలకు ఈ కష్టం తెలిసిందే. పొడి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. బరువు పడగానే పక్కకు జారతాయి, తిరిగే చక్రం తన గుంత తానే తవ్వుకుంటుంది. అలల అంచున తడి ఇసుక గట్టిగా ఉండటానికి కారణం, కాస్త నీరు రేణువులను కలిపి పట్టి ఉంచడమే. ఎడారిలో ఆ తడి ఎక్కడిది? అందుకే ర్యాలీ డ్రైవర్లు టైర్లలో కొంత గాలి తీసేస్తారు. మెత్తబడిన టైరు నేలపై ఎక్కువగా పరుచుకుని, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది.

1986 జనవరి 14న, ర్యాలీ సాగుతుండగానే, మాలిలో హెలికాప్టర్ కూలి సబీన్ మరణించాడు. భద్రతా కారణాలతో 2008 పోటీ రద్దయింది. 2009లో దక్షిణ అమెరికాకు, 2020లో సౌదీ అరేబియాకు ర్యాలీ తరలింది. పేరు మాత్రం ఇప్పటికీ డాకరే.