ఒక్క ఊపిరి... వంద మీటర్ల లోతు!

ఊపిరి బిగబట్టి కూర్చోమంటే ఎంతసేపు కూర్చోగలం? అర నిమిషానికే ఇబ్బంది, నిమిషం దాటితే ఉక్కిరిబిక్కిరి... ఆపైన మనవల్ల కాదు. కానీ రష్యాకు చెందిన నటాలియా మొల్చనోవా 2013లో బెల్‌గ్రేడ్‌ పోటీల్లో నీళ్లలో ముఖం ముంచి, కదలకుండా 9 నిమిషాల 2 సెకన్లు ఉండిపోయింది. ఆడవాళ్లలో 9 నిమిషాలు దాటింది ఆమే మొదట. అప్పటికి ఆమె వయసెంతో తెలుసా... 51!

ఈ ఆట పేరు ఫ్రీడైవింగ్‌. వీపున గాలి సిలిండరు ఉండదు. నీళ్లలోకి దిగేముందు పీల్చుకున్న గాలే పెట్టుబడి. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండటం, కొలను అడుగున ఈదుకుంటూ పోవడం, సముద్రంలో తాడు వెంట నిట్టనిలువునా దిగి తిరిగి రావడం... ఇలా చాలా విభాగాలున్నాయి. అన్నీ కలిపి నటాలియా నెలకొల్పిన ప్రపంచ రికార్డులు 41.

నలభైలో మొదలు
నటాలియా 1962లో ఉఫా నగరంలో పుట్టింది. కుర్రతనంలో ఈత పోటీల్లో పాల్గొనేది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కొలనుకు దూరమైంది. ఆ విరామం ఒకటీ రెండూ కాదు, దాదాపు ఇరవై ఏళ్లు! నలభయ్యో ఏట ఓ పత్రికలో ఫ్రీడైవింగ్‌ గురించి చదివి మళ్లీ నీళ్లలోకి దిగింది. మామూలుగా ఆటగాళ్లు రిటైరై శిక్షకులుగా మారే వయసది. ఏడాది తిరిగేసరికి, 2003లోనే ఆమె పేరు ప్రపంచ రికార్డుల జాబితాకెక్కింది. కొడుకు అలెక్సీ కూడా అమ్మ బాటే పట్టాడు. తల్లీకొడుకులిద్దరూ ప్రపంచ ఛాంపియన్లవడం ఏ ఆటలోనైనా అరుదే.

2009 సెప్టెంబరులో ఈజిప్టులోని షర్మ్‌ ఎల్‌ షేక్‌ దగ్గర ఎర్ర సముద్రంలో 101 మీటర్లు దిగి వచ్చింది. కాళ్లకు చేపతోకలాంటి ఒకే ఒక్క రెక్క. అలా తన బలంతోనే దిగి, పైకొచ్చి వంద మీటర్లు దాటిన తొలి మహిళ ఆమే. అది ముప్ఫై అంతస్తుల మేడంత లోతు. అక్కడ నీటి ఒత్తిడి గట్టుమీద కంటే పదకొండు రెట్లు. ఛాతీలోని గాలి పదకొండో వంతుకు కుదించుకుపోతుంది. గుండె నెమ్మదిస్తుంది. కాళ్లూ చేతుల్లోని నెత్తురు గుండె, మెదడు వైపు మళ్లుతుంది. మొదటి కొన్ని మీటర్లే తన్నుకుంటూ దిగాలి. ఆ తర్వాత సముద్రమే లోపలికి లాక్కుంటుంది.

అసలు గండం తిరిగొచ్చేటప్పుడే. చివరి పది మీటర్లలో ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తులు విచ్చుకుంటుంటే, రక్తంలో మిగిలిన కాస్త ఆక్సిజనూ మెదడుకు చాలక చప్పుడు లేకుండా స్పృహ తప్పుతుంది. అందుకే పోటీల్లో రక్షకులు ఎదురెళ్లి ఈదగాళ్లను వెంటబెట్టుకుని తెస్తారు. కొలనులో ఊపిరి పందేలు కాసే పిల్లలుంటే ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదిలితే బలం రాదు. ‘ఊపిరి తీసుకో’ అని శరీరం చేసే హెచ్చరిక ఆలస్యమవుతుందంతే.

చెట్టు మీద పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించలేదన్న అర్జునుడి ఏకాగ్రత మనకు తెలుసు. నటాలియాది దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. దేని మీదా చూపు నిలపకుండా, కనిపించే దృశ్యం అంచుల దాకా దృష్టిని పరచడం. అలా చేస్తే ఆలోచనలు పలచబడతాయి, భయం జారిపోతుంది, ఆక్సిజన్‌ ఖర్చు తగ్గుతుందని ఆమె చెప్పేది. ఈ విద్యను దాచుకోలేదు. మాస్కోలోని క్రీడా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది, శిక్షణ పుస్తకాలు రాసింది. సముద్రం మీద కవితలూ రాసుకుంది. నన్నడిగితే రికార్డుల కంటే ఈ పంతులమ్మ పనే గొప్పది.

ఆ రోజు...
2015 ఆగస్టు 2. స్పెయిన్‌లోని ఫోర్మెంతెరా దీవి దగ్గర పోటీ లేదు, రికార్డూ లేదు. కొద్దిమందికి పాఠం చెప్పడానికి వెళ్లింది. మధ్యలో తనకోసం ఓ మునక వేసింది. కాళ్లకు రెక్క తొడగలేదు. ముప్ఫై, నలభై మీటర్ల లోతుంటుందేమో. వంద మీటర్లు చూసొచ్చిన మనిషికి అదెంత! కానీ పైకి రాలేదు. లోపలి ప్రవాహం లాక్కుపోయి ఉంటుందన్నారు. నీటి అడుగున తిరిగే రోబోలతో రోజుల తరబడి గాలించినా ఆచూకీ దొరకలేదు. అమ్మ ఇక సముద్రంలోనే ఉండిపోతుందేమో, ఆమెకు అదే ఇష్టమేమో అన్నాడు అలెక్సీ.

నటాలియా జీవితం స్ఫూర్తితో 2020లో రష్యాలో ఓ సినిమా వచ్చింది. పేరు... ‘ఒక్క శ్వాస’ అని అర్థం. అలెక్సీ మాత్రం నీటిని వదల్లేదు. తల్లి పోయిన మూడేళ్లకు, 2018లో, బహమాస్‌ దీవుల్లో కాళ్లకు అదే చేపతోక తొడుక్కుని 130 మీటర్లు దిగి ప్రపంచ రికార్డుతో పైకొచ్చాడు.