ఛాయాచిత్రములలో మేని నరములు

చేతిమీద పైకి తేలి కనుపించు నీలపు గీతలను మన పల్లెలలో నరములందుము. వైద్యులు వానిని సిరలందురు. వారి లెక్కలో నరము స్పర్శను కొనిపోవునది, సిర నెత్తురును గుండెకు మరల్చునది. ఈ ప్రసంగమున నేను వాడుకమాటనే వాడెదను. మనుష్యదేహమును కళాదృష్టితో తీయు ఫొటోలలో ఈ నరములను, చర్మముమీది సహజమైన గరుకును ఉంచవలెనా, తుడిచివేయవలెనా యను తగవు చాల కాలమునుండి కలదు. ఇది పట్టణపు చిత్రకారుల తగవని త్రోసివేయుటకు వీలులేదు. మన యిండ్ల గోడలమీద దండలు వేసి తగిలించిన పెద్దల పటములకును, మనుమలు సెల్‌ఫోనుతో తీయుచున్న మన బొమ్మలకును ఇది చెందును.

మొదట మన శిల్పులేమి చేసిరో చూతము. పాలంపేటలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడిని మీలో చాలమంది చూచియే యుందురు. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కినది. ఆ గుడి చూరు క్రింద నిలిచిన నల్లరాతి మదనికలను ఒకసారి తలచుకొనుడు. నగలలోని పనితనము చూచినచో కన్ను చెదరును. మేనులు మాత్రము నునుపుగా సాగిపోవును. ఎంత వెదకినను నాకు వానిమీద నరము జాడ కనబడలేదు. అంతటి శిల్పికి నరము చెక్కుట చేతగాదా? చేతగాక కాదు, వలదనుకొనుటచేతనే. వరాహమిహిరుడు బృహత్సంహితలో రాజలక్షణములు చెప్పుచు, రాజు పాదములమీద సిరలు కనుపింపరాదనెను. బుద్ధుని దేహలక్షణములలోను సిరలు దాగియుండుట యొకటి. శుభమైన దేహమన నునుపైన దేహమే.

ఇంకొక ప్రక్క చూడుడు. లాహోరు మ్యూజియములో నున్న గాంధారశిల్పము, ఉపవాసముచేత కృశించిన సిద్ధార్థుడు, ప్రక్కటెముకలతో, ఉబ్బిన నరములతో కూర్చుండియుండును. చాముండ విగ్రహములును అట్టివే. అనగా మన శిల్పికి నరములు తెలియును. కాని వానిని తపస్సునకును, ఆకలికిని, మృత్యువునకును దాచిపెట్టెను. ఈ విభజనయే మన ఫొటో స్టూడియోలలోనికి తెలియకుండ దిగివచ్చెనని నా యభిప్రాయము. నరము కనబడిన లేమి యని, ముసలితనమని భయము. ఇటలీలో మైకెలాంజెలో 1501 మొదలు 1504 వఱకు చెక్కిన డేవిడ్ విగ్రహము మంచి యౌవనములో నున్న వీరునిది. అయినను వాని కుడిచేతిమీద నరములు స్పష్టముగా లేచియుండును. ఆ విగ్రహపు మెడమీద ఉబ్బిన సిరను గుర్తించి 2019లో ఒక అమెరికా వైద్యుడు వైద్యపత్రికలో వ్రాసెను.

శిల్పికి ఉలి స్వాధీనము. ఫొటో తీయువానికి అంత స్వేచ్ఛ లేదు. అతని చేతిలో నున్నది వెలుతురు. దీనిని నేను మీకు క్రొత్తగా నేర్పనక్కఱలేదు. దున్నిన చేనిని ప్రొద్దుపొడుపువేళ గట్టుమీద నిలిచి చూచినచో ప్రతి చాలును, ప్రతి గడ్డయును తన నీడతో వేఱువేఱుగా కనబడును. అదే చేను మిట్టమధ్యాహ్నమున చదునుగా దోచును. చాళ్లెచ్చటికిని పోలేదు, నీడలు పోయినవి. చర్మమును అంతియే. దీపము ప్రక్కనుండి, మేనిని రాచుకొనిపోవునట్లు పడినచో ముడుతలు, నరముల గట్లు లేచి నిలుచును. ఎదుటనుండి సూటిగా పడినచో, లేదా తెల్లగుడ్డ చాటునుండి మెత్తగా పరచుకొన్నచో, అవి యన్నియు మునిగిపోవును. మనవంటి చామనచాయ మేనులలో ఈ సంగతి మఱింత ముఖ్యము. తెల్లని చర్మములో నరము ముఖ్యముగా రంగుచేత తెలియును. మన చర్మములో దాని యెత్తుచేతను, ప్రక్కనున్న నీడచేతను, పైని మెఱుపుచేతను తెలియును. ఆ మెఱుపును పట్టనేరనివాడు నల్లని మేనిని బొగ్గుముద్దగా తీసి, తప్పు రంగుమీదికి నెట్టును.

ఇప్పుడు మీ చేతినే చూచుకొనుడు. కొంతసేపు క్రిందికి వ్రేలాడవిడిచినచో నరములుబ్బును. తలకు పైగా ఎత్తి పట్టినచో అణగిపోవును. గాజులకు, ఉంగరములకు ప్రకటనల బొమ్మలు తీయునప్పుడు చేతులను ముందుగా పైకెత్తి నిలుపుట ఇందుకే. ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథములో, నెత్తురు దేహమున చుట్టి తిరుగునని నిరూపించుటకు చేతి నరములను వ్రేలితో నొక్కి చూచు ప్రయోగములనే చూపెను. ఎండలో పనిచేసినప్పుడు నెత్తురు చర్మమువైపునకు ఎక్కువగా వచ్చును. కండలు బిగిసి సిరలను పైకి నెట్టును. వయస్సు మళ్లినకొలది చర్మము పలుచనై, దాని క్రిందికొవ్వు తరుగును. కావున చేతిమీది నరము రోగము కాదు. కాళ్లలో మెలికలు తిరిగి నొప్పిపెట్టు సిరల సంగతి వేఱు. దానికి వైద్యుడు కావలెను.

నునుపు చేయు అలవాటునకు ఒకప్పుడు న్యాయమైన కారణము లేకపోలేదు. తొలినాటి గాజుపలకలు నీలపు వెలుతురునే బాగుగా పట్టెడివి; ఎఱుపు వానికి నలుపుతో సమానము. ముఖముమీది ఎఱ్ఱని మచ్చ కంటికి కనబడుదానికన్న నల్లగా అచ్చుపడెడిది. దానిని సరిదిద్దవలసి వచ్చెను. పలకమీది బొమ్మలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా నుండును గదా. ముడుత అచ్చట తేటగా నుండును గనుక, దానిమీద సన్నని పెన్సిలుతో గీచినచో అచ్చులో ముడుత మాయమగును. ఆఱవ నిజాముయొక్క ఆస్థాన ఛాయాగ్రాహకుడై 1905లో మరణించిన రాజా దీనదయాళు కాలమున స్టూడియోలలో ఇది మామూలు పని. (ఆయన 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లస్త్రీకి అప్పగించెను.) తరువాత అన్ని రంగులను పట్టు ఫిల్ములు వచ్చినవి. కారణము పోయినది, పెన్సిలు పోలేదు.

మన ప్రాంతమున దేహమును కళగా తీసిన వారిలో బండి రాజన్‌బాబు పేరు మొదట చెప్పదగినది. కోరుట్లలో 1939లో పుట్టి, హైదరాబాదులో ఫొటోగ్రఫీ పాఠశాల నడపి, 2011లో కీర్తిశేషుడయ్యెను. ఆదివాసుల చిత్రములును, నగ్నదేహ చిత్రములును ఆయనకు పేరు తెచ్చినవి. రెండవదానిని విని కొందఱు పెద్దలు ముఖము ముడుచుకొందురని ఎఱుగుదును. గుడిగోడమీద చూచి నమస్కరించినదానినే కాగితముమీద చూచి ఉలికిపడుటేలనో ఆలోచింపుడు. తన దేహమును తీయుటకు సమ్మతించిన మనుష్యుడు ఒక నమ్మకముతో సమ్మతించును. కాన్పుచారలు కల తల్లి కడుపును తీసి, ఆ చారలను చెరిపివేసినచో, ఆ బొమ్మ ఎవరిది?

దీనికి ఎదురుతప్పును కలదు. వృద్ధుని ముఖముమీదికి ప్రక్కనుండి కఠినమైన దీపము వేసి, లేని ఆకలిని పుట్టించి, జాలిబొమ్మలు చేయువారున్నారు. చెరుపువాడెంత అబద్ధికుడో వీడును అంతే.

వరంగల్లు కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. జంపఖానా బొమ్మలు చాల చూచితిని. నేయు చేతుల బొమ్మలు తక్కువ. నేనెఱిగిన యొక నేతవృద్ధుడు మరణించినప్పుడు కర్మకై చిన్న ఫొటోను పెద్దదిగా చేయించిరి. స్టూడియోవారు ముఖమును గ్రుడ్డువలె నునుపు చేసి, మోకాళ్లమీది చేతులను మైనపు చేతులుగా మార్చి పంపిరి. ఆయన భార్య పటమును చాలసేపు చూచి, "ఈ చేతులు మావారివి కావు" అనెను. ఆమె ముఖమును గూర్చి ఏమియు ననలేదు. పాత చిన్న ఫొటో ఎక్కడనో పోయినది. ఇప్పుడా యింట మిగిలినది ఆ పటమొక్కటే.

నేడు పెన్సిలుతో పనిలేదు. అనేకములైన సెల్‌ఫోనులు అడుగకయే చర్మమును నునుపు చేయును. ఫ్రాన్సు 2017నుండి, నార్వే 2022నుండి, ప్రకటనలలో దేహపు ఆకృతిని మార్చిన బొమ్మలమీద ఆ మాట వ్రాయవలెనని శాసించినవి. మన యింటి పటమునకు అట్టి చట్టము లేదు, మనమే చెప్పవలెను. ఫోనులో ముఖమును అందగించు ఏర్పాటును పిల్లలచేత ఆపించుడు. వాకిలి ప్రక్కన, ఉదయపు వెలుతురు ఒక ప్రక్కనుండి మెత్తగా పడుచోట కూర్చుండుడు. చేతులను కండువాక్రింద దాచక ఒడిలో ఉంచుకొనుడు. స్టూడియోకు ఇచ్చునప్పుడు ధూళి, గీతలు మాత్రమే తీయుమని, ముడుతలను ముట్టవలదని కాగితముమీద వ్రాసి యిండు. దిద్దని ప్రతి నొకదానిని వేఱుగా అడిగి తెచ్చుకొనుడు.