కళ్లముందు నుంచి కదలని ప్రమాదం

2018 మే 26న సిద్దిపేట జిల్లా గజ్వేల్ దగ్గర, రిమ్మనగూడ వద్ద రాజీవ్ రహదారిపై ఆర్టీసీ బస్సు ప్రమాదానికి గురై పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సిద్దిపేట నుంచి హైదరాబాద్‌లోని ఆసుపత్రికి పోవాలన్నా, కొలువుకు పోవాలన్నా జనం పట్టేది ఆ దారే. ఇలాంటి ప్రమాదం నుంచి బయటపడ్డవారికి, అయినవాళ్లను పోగొట్టుకున్నవారికి గాయాలు మానాక కూడా ఆ దారి గండంగానే ఉంటుంది.

లారీ హారన్ మోగినా, డీజిల్ వాసన తగిలినా గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి. ఆ ఘోరం ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. రాత్రి అదే పీడకల. 'కిటికీ పక్క సీటు నేనే ఇచ్చిన, నేనే సంపుకున్న' అని కొందరు తమనే నిందించుకుంటారు.

ప్రాణాపాయం ఎదురైనప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా ఉధృతంగా పనిచేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలతో జ్ఞాపకాన్ని వరసలో పెట్టే హిప్పోకాంపస్ ఆ ఒత్తిడిలో సరిగా పనిచేయదని పరిశోధకులు వివరిస్తారు. దాంతో చప్పుడు, వాసన, దృశ్యం దేనికది ముక్కలుగా మిగులుతాయి. వాటిలో ఒకటి తగిలితే చాలు, అపాయం మళ్లీ వచ్చిందని ఒళ్లు బెదురుతుంది. ఇది పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు.

'మర్చిపో బిడ్డా' అని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ తలపును బలవంతంగా అణిచే కొద్దీ అది తిరగబడుతుంది. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పినవారికి అదే పదేపదే గుర్తొచ్చిందని 1987లో అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ ప్రయోగం చూపింది. బస్సెక్కడం మానేసినా, మందు తాగి పడుకున్నా ఆ పూటకే ఊరట. భయం మాత్రం పాతుకుపోతుంది.

మొదటి వారాల్లో ఈ బాధలు సహజం. ఎక్కువమందికి మెల్లగా తగ్గిపోతాయి. అప్పుడు కావలసింది వేళకు తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి. ఏం జరిగిందని గుచ్చిగుచ్చి అడగకండి. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. నెల దాటినా తగ్గక, పనీ సంసారమూ దెబ్బతింటుంటే అది పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక జబ్బు, కావచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో దీన్ని తన మానసిక జబ్బుల జాబితాలో చేర్చింది.

జడుసుకున్నాడని తాయత్తు కట్టించడం, కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకోవడం మనకు అలవాటే. మొక్కుతో ధైర్యం వస్తే మంచిదే, వైద్యం మాత్రం ఆపొద్దు. శిక్షణ పొందిన సైకాలజిస్టు ఆ రోజు సంగతిని రోగి తట్టుకోగలిగినంత మేర, మొదటి నుంచి చివరిదాకా చెప్పిస్తారు. తర్వాత బస్టాండులో కాసేపు నిలబడటం, ఒక స్టాపు దాకా ప్రయాణించడం వంటి చిన్న చిన్న అడుగులు వేయిస్తారు. అవసరమైతే సైకియాట్రిస్టు మందులు రాస్తారు. మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే సాయం కోరడానికి ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంట్లో ఇలా బాధపడేవారుంటే 'ఇంకెన్నాళ్లు' అని విసుక్కోకండి. డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకొని వెళ్లండి.