35 నాట్లకు ఎంత పొడవు కావాలి?

స్ప్రింగ్‌షార్ప్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఓడల పిచ్చి ఉన్నవాళ్ల కోసం అదే పిచ్చి ఉన్నవాళ్లు రాసిపెట్టింది. పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు, ఫిరంగులు, కవచం మందం, కావలసిన వేగం, కట్టడం మొదలుపెట్టిన సంవత్సరం ఇస్తే చాలు. అలాంటి యుద్ధనౌక తేలుతుందా, తేలినా తుఫానులో నిలుస్తుందా అన్నది లెక్కగట్టి చెబుతుంది. మురిపించే బొమ్మలేం ఉండవు, అన్నీ అంకెలే.

నేను అడిగింది 1920 నాటి బ్యాటిల్‌క్రూయిజర్, అంటే పెద్ద ఫిరంగులు ఉంచుకుని, వేగం కోసం కవచం తగ్గించుకునే రకం యుద్ధనౌక. 15 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, పక్కలకు 12 అంగుళాల కవచం, 35 నాట్ల వేగం. అంటే గంటకు దాదాపు 65 కిలోమీటర్లు. హైవే మీద బస్సుకు అదో లెక్క కాదు గానీ, నలభై వేల టన్నుల ఉక్కు నీళ్లను చీల్చుకుంటూ ఆ వేగంతో పోవాలంటే మాటలు కాదు. ఆశ కూడా నాది కాదులెండి. ఈ జాతి ఓడలకు తండ్రి అనదగ్గ బ్రిటిష్ అడ్మిరల్ జాకీ ఫిషర్ 1915లోనే వెయ్యి అడుగుల పొడవు, 20 అంగుళాల ఫిరంగులు, 35 నాట్ల వేగంతో ‘ఇన్‌కంపారబుల్’ అనే ఓడను ఊహించాడు. అది కాగితం దాటలేదు.

పొడవు 750 అడుగులు ఇచ్చి చూశాను. వచ్చిన రిపోర్టులో నా కళ్లు రెండు వరుసల దగ్గర ఆగిపోయాయి. ఒకటి, ఆ పొడవుకు సహజమైన వేగం: 27 నాట్ల పైచిలుకు. రెండోది, పూర్తి వేగంలో అలలు పుట్టించడానికే పోతున్న శక్తి: సగానికి బాగా పైనే. లక్షన్నరకు మించిన హార్స్‌పవర్ పెట్టి నేను నడుపుతున్నది ఓడను కాదు, ఎక్కువ భాగం సముద్రాన్ని!

ఎందుకలా అన్నదే ఇందులో అసలు అందం. లోతైన నీటిలో అల ఎంత పొడవుంటే అంత వేగంగా కదులుతుంది. వంద మీటర్ల అల సుమారు 24 నాట్లతో పోతుంది, మూడు వందల మీటర్లది 42 నాట్లతో. ఓడ ముక్కు నీళ్లను పక్కకు నెట్టినప్పుడు లేచే అలల వరస ఓడతో పాటే రావాలి కాబట్టి, ఓడ వేగమే ఆ అల పొడవును నిర్ణయిస్తుంది. 30 నాట్ల దగ్గర ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య దూరం దాదాపు 153 మీటర్లు. 35 నాట్లకు అది దాదాపు 208 మీటర్లు అవుతుంది. నా 750 అడుగుల ఓడ పొడవు 229 మీటర్లు. అంటే ముక్కు దగ్గర ఒక శిఖరం, తోకకు కాస్త ముందు ఇంకో శిఖరం, నడుమంతా పల్లం. ఇంకాస్త వేగం పెంచితే రెండో శిఖరం తోకను దాటి వెనక్కి జారిపోతుంది. అప్పుడు తోక పల్లంలోకి దిగుతుంది, ముక్కు పైకి లేస్తుంది. తాను లేపిన అలనే ఎక్కుతూ, అది కూడా అదే వేగంతో ముందుకు జరుగుతుంటే ఎప్పటికీ ఎక్కడం పూర్తికాక, ఓడ ఆయాసపడుతుంది. అక్కడ ఇంజిన్ల బలం రెట్టింపు చేసినా దక్కేది కొద్ది నాట్లే.

దీన్ని లెక్కకు అందేలా చేసినవాడు ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్. 1860ల చివర ఆయన ‘స్వాన్’, ‘రేవెన్’ అని రెండు నమూనాలు చేశాడు. రేవెన్ ముక్కు కోసుగా ఉంటుంది, స్వాన్‌ది గుండ్రం. మెల్లగా లాగినప్పుడు రేవెన్ నయమనిపించింది, వేగం పెంచేసరికి స్వాన్ గెలిచింది. అంతకన్నా విలువైన సంగతి ఇంకోటి బయటపడింది. ఒకే ఆకారం ఉన్న చిన్న, పెద్ద నమూనాలను వాటి పొడవుల వర్గమూలాల నిష్పత్తిలో లాగితే, రెండూ ఒకే తీరు అలలు లేపుతున్నాయి. 900 అడుగుల ఓడ 35 నాట్లలో ఏం చేస్తుందో తెలియాలంటే 9 అడుగుల నమూనాను మూడున్నర నాట్లతో లాగితే చాలు. అది వడివడిగా నడిచే మనిషి వేగం. నీటి ఒరిపిడి మాత్రం ఈ నిష్పత్తికి లొంగదు. దాన్ని ఫ్రూడ్ పలకలు లాగి విడిగా కొలిచి, విడిగా కలిపాడు.

దీన్ని ఒప్పుకోనివాడు జాన్ స్కాట్ రస్సెల్. సామాన్యుడేం కాదు, ‘గ్రేట్ ఈస్టర్న్’ అనే భారీ ఓడను కట్టినవాడు. 1834లో ఒక కాలువలో ఒంటరి అల చెదరకుండా పోతుంటే గుర్రమెక్కి వెంబడించిన మనిషి. ఓడల అలల మీద ఆయనకు సొంత సిద్ధాంతం ఉంది. బొమ్మ పడవల ఫలితాలు అసలు ఓడలకు పనికిరావని ఆయన గట్టి వాదన. బ్రిటిష్ అసోసియేషన్ వేసిన కమిటీ కూడా అసలు ఓడలనే లాగి చూడాలంది, అందులో సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కడూ అసమ్మతి రాశాడు. 1871లో నిజంగానే ‘యాక్టివ్’ అనే ఓడతో ‘గ్రేహౌండ్’ను లాగించి తాడు మీద పడే బలాన్ని కొలిచారు. నమూనా చెప్పిన అంకెకూ దానికీ పొంతన కుదిరింది. అలలంటే అంత ప్రాణమున్న రస్సెలే ఈ మలుపును పట్టుకోలేకపోవడం నాకు ఇప్పటికీ వింతే. టార్కీలో ఫ్రూడ్ ఇంటి దగ్గర, మైనంతో చేసిన నమూనాలను లాగడానికి నీటి తొట్టి వెలిసింది. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్‌లో అర కిలోమీటరు పొడవున ఉన్న తొట్టి ఆ వంశానిదే.

కాబట్టి వేగం కావాలంటే ముందు పొడవు కొనుక్కోవాలి. పొడవు 900 అడుగులకు పెంచాను. సహజ వేగం 30 నాట్లకు వచ్చింది, అలలకు పోయే వాటా దిగింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో వరుస ఎర్రజెండా చూపింది. హల్ (ఓడ ఒళ్లు) బలం అంకె కనీసం ఒకటి ఉండాలి, అంతకంటే కిందికి జారింది.

ఇంటి దూలాన్ని నిలువుగా వేస్తే బరువు మోస్తుంది, అడ్డంగా పడుకోబెడితే వంగుతుంది. ఓడ ఒళ్లూ ఒక దూలమే. అల శిఖరం నడుమ కిందికి వస్తే రెండు కొనలూ వేలాడతాయి, పల్లం వస్తే నడుము దిగబడుతుంది. సన్నగా పొడవుగా సాగదీస్తే ఈ వంపు పెరుగుతుంది. ఫిషర్ ముచ్చటపడి కట్టించిన ‘కరేజియస్’ 1916 నవంబరులో పరీక్షలకు వెళ్లి, ఎదురు అలల్లో పూర్తి వేగంతో పరిగెత్తేసరికి దాని ముందు భాగం దెబ్బతింది. తర్వాత దానికి అదనపు ఉక్కు తొడగాల్సి వచ్చింది.

మందు ఆ దూలంలోనే ఉంది. నీటిమట్టం మీద నడుమ భాగంలో డెక్‌ను ఒక మెట్టు పైకి లేపితే దూలం నిలువు పెరుగుతుంది. లేపాను. బలం ఒకటి దాటింది. బరువు కూడా పెరిగింది, ఫిరంగులు పైకెక్కడంతో స్థిరత్వం తగ్గింది. దానికి వెడల్పు పెంచితే అలల వాటా మళ్లీ ఎగబాకింది. ఈ తిరుగుడు నుంచి బయటపడటానికి దారులు రెండే: కవచం పలచన చేయడం, లేదా ఓ రెండు నాట్లు వదులుకోవడం. నేను నాట్లే వదిలాను. కవచం వదిలిన ఓడలకేమైందో తెలుసు కదా.

అమెరికన్లు రెండు రకాల ధరా చెల్లించి చూపారు. ‘సౌత్ డకోటా’ అనే యుద్ధనౌక 680 అడుగులు, 35,000 టన్నులు, 1,30,000 హార్స్‌పవర్, 27 నాట్లు. ‘అయోవా’ 887 అడుగులు, 45,000 టన్నులు, 2,12,000 హార్స్‌పవర్, 33 నాట్లు. రెండింటికీ తొమ్మిదేసి 16 అంగుళాల ఫిరంగులే, కవచమూ దాదాపు అంతే. పదివేల టన్నులు ఎక్కువగా మింగింది ఆ ఆరు నాట్లే. అంతకు ముందు వాళ్ల బ్యాటిల్‌క్రూయిజర్ ‘లెక్సింగ్‌టన్’ తొలి నమూనా 35 నాట్లే కోరింది. అందుకు 24 బాయిలర్లు కావాలి, సగం కవచపు డెక్ కింద పట్టలేదు. సగం బాయిలర్లను రక్షణ లేకుండా పైన పెట్టి, ఏడు పొగగొట్టాలు గీశారు! తర్వాత బుద్ధి తెచ్చుకుని 33 నాట్ల చిల్లరకు దిగారు. నా ఓడ కూడా చివరకు ఆ పరిసరాలకే చేరింది.

బ్యాటిల్‌క్రూయిజర్ల మిగతా కథ త్వరగానే అయిపోతుంది. 1916 మే 31న జట్లాండ్ నౌకాయుద్ధంలో మూడు బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్లు పేలిపోయాయి. 1941 మే 24న మరో బ్రిటిష్ బ్యాటిల్‌క్రూయిజర్ ‘హుడ్’ పేలి 1,418 మందిలో ముగ్గురే మిగిలారు. యుద్ధనౌకలకు పరిమితి పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందంతో లెక్సింగ్‌టన్ సగంలో ఆగి, విమానవాహక నౌకగా మారింది. ఆ కొత్త ఉద్యోగానికి దాని పొడవూ వేగమూ బాగా కుదిరాయి. దాని టర్బైన్లు కరెంటు పుట్టిస్తే మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పేవి. 1929 డిసెంబరులో వానల్లేక జలవిద్యుత్తు తగ్గినప్పుడు, అమెరికాలోని టకోమా నగరం ఆ ఓడను రేవులో కట్టించుకుని నెల రోజుల పాటు దాని కరెంటు వాడుకుంది.