టాప్ లేని కారుకు ప్రాణం తలుపు కింద ఉంటుంది

పాత కేలండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచును పొడవునా టేపుతో గట్టిగా అతికించండి. రెండు చివర్లూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. తేలిగ్గా లొంగదు. ఇప్పుడా అతుకును కత్తెరతో నిలువునా చీల్చి మళ్ళీ మెలిపెట్టండి. కాగితం అదే, మందం అదే. కానీ అంచులు ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ జారిపోయి గొట్టం చేతుల్లో మెలితిరిగిపోతుంది. ఉక్కు విషయమూ ఇంతే. 5 సెంటీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని ఒక పక్క నిలువునా చీరితే, మెలికకు ఎదురు నిలిచే బిగువు సుమారు 1,900వ వంతుకు పడిపోతుంది. బరువు మాత్రం దాదాపు ఏమీ తగ్గదు.

రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్ళు హార్స్‌పవర్ లెక్కల కంటే ముందు ఈ గొట్టం సంగతి తెలుసుకోవాలి.

మామూలు కారులో నేల, పక్కలు, పైకప్పు కలిసి ఒక పెద్ద మూసిన పెట్టె అవుతాయి. మూసిన పెట్టె చుట్టిన వైశాల్యం ఎంత పెద్దదైతే మెలికకు అది చూపే బిగువు అంతకంత పెరుగుతుంది, అదీ వైశాల్యపు వర్గం లెక్కన. అందుకే పలుచటి రేకుతో చేసినా కారు బాడీ అంత గట్టిగా నిలుస్తుంది. పైకప్పు తీసేసిన మరుక్షణం ఆ పెద్ద పెట్టె కాస్తా పైన తెరుచుకున్న తొట్టి అయిపోతుంది. ఇక మెలికను ఆపడానికి మిగిలేవి మధ్యలో గేర్‌బాక్స్ కోసం ఉబ్బెత్తుగా లేపిన సొరంగం, రెండు తలుపుల కిందా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే ఉక్కు గొట్టాలు. ఈ గొట్టాలనే సిల్ అంటారు, అమెరికాలో రాకర్ ప్యానెల్ అంటారు. మనం కారెక్కేటప్పుడు కాలు దాటించే గడప అదే. ఓపెన్ కార్లలో కంపెనీలు దీన్ని లోపల అదనపు రేకులతో దిట్టం చేస్తాయి. అయినా ఒక చక్రం గుంతలో పడితే డ్యాష్‌బోర్డు, ముందు అద్దం చట్రం, స్టీరింగ్ సన్నగా వణుకుతాయి. కొంత వణుకు ఈ జాతి కార్లకు పుట్టుకతో వచ్చిందే. అంతకు మించితే మాత్రం సిల్‌ను అనుమానించాలి.

ఇక్కడే ఈ కార్ల అసలు ఇబ్బంది మొదలవుతుంది. కారు బిగువంతా మోసేది సిల్. టాప్ మీద పడ్డ వాననీరు దిగి వెళ్ళేదీ ఆ దగ్గర్నుంచే.

నేను ఉదాహరణగా తీసుకునేది మజ్దా ఎంఎక్స్-5. అమెరికాలో దీన్ని మియాటా అంటారు. ఈ చర్చంతా అక్కడి బజారు గురించే. మన దేశంలో మజ్దా కార్లు అమ్మదు, తయారై మూడేళ్ళు దాటిన పాత కారును దిగుమతి చేసుకునే వీలూ లేదు. గోవాలో శాన్ మోటార్స్ ఫైబర్‌గ్లాస్ బాడీతో, 1.2 లీటర్ల రెనో ఇంజనుతో స్టార్మ్ అనే రెండు సీట్ల కారు చేసింది కానీ అవి రోడ్ల మీద కనిపించడమే అరుదు. అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాల్లో మాత్రం, ఇంటి అవసరాలకు ఒక పెద్ద బండి ఉన్నాక సరదాకు చవకలో ఇలాంటిదొకటి కొనుక్కోవాలని చూసే కుర్రాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. 1960లలో వచ్చిన లోటస్ ఎలాన్ లాంటి తేలికపాటి బ్రిటిష్ కార్లంటే అందరికీ ఇష్టమే. కానీ వాటి ఆయిల్ కారడాలు, కరెంటు తంటాలు పడటం అందరి వల్లా కాదు. ఆ హాయిని నమ్మకమైన యంత్రంలో ఇవ్వాలన్నది మజ్దా ఆలోచన. తొలి తరం కారు బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ల ఇంజనుకు 116 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఇంటిల్లిపాదీ తిరిగే కార్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అయినా ఈ కారు నడిపినవాళ్ళు దాన్ని మరిచిపోరు. అందుకు కారణం బరువు ఎక్కడుందన్నది. ఇంజనును ముందు ఇరుసుకు వెనగ్గా జరిపి అమర్చారు, బ్యాటరీని డిక్కీలో పెట్టారు. బరువు చక్రాల మధ్యకు చేరేసరికి కారు జడత్వ భ్రామకం తగ్గింది. అంటే మలుపులో తిరగడం మొదలుపెట్టడానికీ, ఆపడానికీ తక్కువ బలం చాలు. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. గేర్‌బాక్స్‌నూ వెనక డిఫరెన్షియల్‌నూ ఒకే అల్యూమినియం దూలంతో కలిపేశారు కాబట్టి యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే ఇంజను బలం మధ్యలో సాగుడు లేకుండా వెనక చక్రాలకు అందుతుంది. 2016 ఏప్రిల్‌లో ఈ కార్ల సంఖ్య పది లక్షలకు చేరింది. అందువల్ల విడిభాగాలు దొరుకుతాయి, చవకగానూ దొరుకుతాయి. పాత కారు కొనేవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నీటి దారి చూద్దాం. టాప్ బట్ట వెనక అంచున, సీట్ల వెనక ఒక రబ్బరు కాలువ ఉంటుంది. టాప్ మీద నుంచి జారిన నీరు అందులో పడి, రెండు మూలల్లో ఉన్న డ్రెయిన్ గొట్టాల గుండా దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు కారు కింద బయటికి పోవాలి. చెట్టు కింద నిలిపిన కారులో ఆకుల పొడి, దుమ్ము, టాప్ బట్ట నుంచి రాలిన నూగు ఆ గొట్టంలో పేరుకుంటాయి. దారి మూసుకుంటే నీరు పొంగి కార్పెట్ కిందకీ, సిల్ వెనక భాగపు పొరల మధ్యకూ చేరుతుంది. అక్కడ రెండు మూడు రేకులు అంటుకుని ఉంటాయి. ఇరుకు సందులో నిలిచిన నీటిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. సందు బయట మాత్రం గాలి తగులుతూ ఉంటుంది. ఈ తేడా వల్ల ఒకే రేకు మీద చిన్న బ్యాటరీ లాంటిది ఏర్పడి, ఆక్సిజన్ లేని లోపలి భాగం ఆనోడ్ అయి కరగడం మొదలవుతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తోడైతే ఆ నీటిలో కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొరలను లోపల్నుంచి విడదీస్తుంది. బయట పెయింటు మీద చిన్న బొబ్బ కనిపించిందంటే లోపల పని చాలా దూరం వెళ్ళిందని అర్థం. ఇలా తిని తిని సిల్ కింది అతుకు వీడిపోతే మూసిన గొట్టం చీలిన గొట్టమవుతుంది. మొదట చెప్పిన 1,900 లెక్కను అక్కడ గుర్తు చేసుకోవాలి. కారు మొత్తానికీ అంత నష్టం రాదు కానీ, పైకప్పు లేని కారుకు ఆదుకునే మరో దారీ పెద్దగా ఉండదు.

ఒహాయోలో ఉంటున్న మా అక్క కొడుకు ఒక తొలి తరం మియాటా చూసి, “మామయ్యా, 70 వేల మైళ్ళే తిరిగింది, ఇంజన్ సూపర్‌గా ఉంది” అని ఫోన్ చేశాడు. “ముందు వెనక చక్రం ముందర, సిల్ కింద ఫొటో తీసి పంపరా” అన్నాను. ఫొటోలో ఆ జానెడు మేర మాత్రమే కొత్తగా, నల్లగా, మందంగా పూత మెరుస్తోంది. మిగతా అడుగంతా పాతబడి దుమ్ము కొట్టుకుని ఉంది. “వేలితో తట్టి చూడు, ముందు వైపు మోగినట్టే వెనక మోగుతోందా?” అంటే, ముందు టంగుమంటోంది, వెనక మొద్దుగా ఉందన్నాడు. పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెడితే అక్కడ అంటుకోలేదు. పుట్టీ నింపి పూత పూశారన్నమాట. వాడా కారు వదిలేశాడు. అయస్కాంతంతో తిరిగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. తొలి తరం మియాటా బానెట్ అల్యూమినియం. దానికి అంటుకోలేదని కంగారుపడనక్కర్లేదు.

ఇంకో పరీక్ష కూడా చేయించండి. టాప్ దించి, జాకీ పెట్టవలసిన చోటే పెట్టి ఒక పక్క ముందు చక్రం నేల వదిలేదాకా ఎత్తి, ఆ పక్క తలుపు తెరిచి మూయండి. ముందున్నంత సులువుగా పడాలి. తలుపు అంచు పట్టేసినా, తలుపుకూ వెనక ప్యానెల్‌కూ మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా మారినా బాడీ బిగువు పోతోందని లెక్క. ఎత్తిన కారు కిందికి మాత్రం దూరవద్దు. ఆ తర్వాత సీసాతో నీళ్ళు తెచ్చి సీట్ల వెనక కాలువలో నెమ్మదిగా పోయండి. రెండు పక్కలా వెనక చక్రాల ముందు ధార పడాలి. పడకపోతే అమ్మేవాణ్ణే పక్కన నిలబెట్టి కార్పెట్ ఎత్తి చూడండి.

ఉప్పు చల్లే ఒహాయో, మిషిగన్ లాంటి రాష్ట్రాల కారు కంటే కాలిఫోర్నియా, అరిజోనా కారుకు వెయ్యి డాలర్లు ఎక్కువిచ్చినా నష్టం లేదంటాను. ఎండ రాష్ట్రాల కార్లకు వేరే రోగం ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు వినైల్ టాప్‌ను ఎండగొడతాయి. తొలి తరం కార్లలో వెనక కిటికీ మెత్తటి ప్లాస్టిక్. దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి పోయి, కిటికీ పసుపెక్కి, చలిలో మడిస్తే పగులుతుంది. జిప్ విప్పి కిటికీని పరిచాకే టాప్ దించాలని చెప్పేది అందుకే. రెండో తరంలో గాజు కిటికీ వచ్చింది. టాప్ మార్చడం ఖర్చే కానీ, అది ఒక శనివారంలో అయ్యే పని. సిల్ కోసి వెల్డింగ్ చేయడం అలా కాదు.

మిగతా పేర్లూ వినిపిస్తాయి. హోండా ఎస్2000 ఇంజన్ ఒక అద్భుతం, తొలి మోడళ్ళలో 9,000 ఆర్‌పీఎం దాకా పోతుంది. ధర మాత్రం చవక మాటకు ఎప్పుడో దూరమైంది. టయోటా ఎంఆర్2 స్పైడర్‌లో ఇంజన్ సీట్ల వెనకే ఉంటుంది. తొలి ఏళ్ళ కార్లలో ఎగ్జాస్ట్ మొదట్లో క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ఉన్న సిరామిక్ ముక్కలై ఇంజనులోకి పీల్చుకుపోయిన సందర్భాలున్నాయి, ఆయిల్ తాగుతోందా అని చూడాలి. సామాను పెట్టుకునే చోటు దాదాపు లేదు. బీఎండబ్ల్యూ జడ్3 సౌత్ కరోలినాలో తయారైంది. దానిలో డిక్కీ నేల కింద డిఫరెన్షియల్ బిగించిన చోట వెల్డింగులు చీలతాయి కాబట్టి కార్పెట్ తీసి చూడాలి. అన్నిటికన్నా ఆశపెట్టేది పోర్షే బాక్స్‌టర్. 1997 నుంచి 2004 మోడల్ కార్లు మియాటా ధరలకు దగ్గర్లోనే దొరుకుతుంటాయి. నడిపితే మనసు పారేసుకుంటారు. కానీ ఇంజన్ లోపల మధ్య షాఫ్టును మోసే చిన్న బేరింగ్ పగిలితే ఇంజన్ మొత్తం పోయినట్టే. అందులోనూ టాప్ డ్రెయిన్లు మూసుకుంటే నీరు సీటు కిందున్న తాళం కంప్యూటర్ మీదికి చేరుతుంది. బేరింగ్ మార్చిన బిల్లు చూపించనిదే కొనకండి. కొన్న ధర చవకైనంత మాత్రాన పోర్షే మరమ్మతులు చవక కావు.

నన్నడిగితే 1999 నుంచి 2005 దాకా వచ్చిన రెండో తరం మియాటా, 1.8 లీటర్ల ఇంజనుతో, ఎండ రాష్ట్రంలో తిరిగినది. గాజు కిటికీ ఉంటుంది, బరువింకా తేలికే. ఒక లోపముంది. ముందు సస్పెన్షన్ దగ్గర రెండు పొరల చట్రం దూలాల్లో తుప్పు దాక్కుంటుంది, కాబట్టి ముందు వైపూ పైకెత్తి చూడాలి. 2006 నుంచి వచ్చిన మూడో తరంలో టైమింగ్ బెల్టుకు బదులు చెయిన్ ఉంది. పొడుగువాళ్ళకు చోటూ నయం. తొలి తరంలో మొదటి రెండేళ్ళ ఇంజన్లను, అంటే 1991 మధ్య దాకా వచ్చినవాటిని, మెకానిక్‌కు చూపించకుండా తీసుకోకండి. క్రాంక్ షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉండి పుల్లీని పట్టే గాడి అరిగిపోయే రకం అవి. ముందు పుల్లీలో నాలుగు గాళ్ళుంటే ఆ రకం, ఎనిమిదుంటే తర్వాత బాగుచేసిన రకం.

తక్కువ తిరిగిన కారంటే అందరికీ మోజు. కానీ రబ్బరుకు మైళ్ళతో పాటు ఏళ్ళ లెక్కా ఉంది. టైమింగ్ బెల్టు 60 వేల మైళ్ళకు మార్చాలి. అంత తిరగకపోయినా ఏళ్ళు దాటితే మార్చాల్సిందే. టైరు పక్కన డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. గాళ్ళు నిండుగా ఉన్నా ఆక్సిజన్ తగిలి గట్టిపడిన రబ్బరు తడి మలుపులో రోడ్డును పట్టదు. చేతిలో పది వేల డాలర్లుంటే ఎనిమిది వేల కారే చూడండి. బెల్టు, టైర్లు, బ్రేక్ ఆయిల్, వాటర్ పంపులకు మిగతావి పోతాయి.

కాగితాల్లో టైటిల్ మీద సాల్వేజ్ లేదా రీబిల్ట్ అని ఉందేమో చూసుకోండి. 17 అక్షరాల వీఐఎన్ నంబరుతో పాత ప్రమాదాలు, చేయించని రీకాల్ పనులు తెలుస్తాయి. వరదలో మునిగిన కార్లు మాత్రం రాష్ట్రాలు దాటి శుభ్రమైన కాగితాలతో తిరిగి రావచ్చు. 2005లో కత్రినా, 2017లో హార్వే తుపాన్లు వేల కార్లను ముంచాయి. అందుకని సీటు బెల్టును చివరంటా బయటికి లాగండి. రోజూ వాడే భాగాన్ని ఎవరైనా కడుగుతారు, చుట్టలో దాగే చివరి మూరెడును కడగరు. దాని మీద మట్టి చార ఉంటే, సీటు పట్టాల మూలల్లో ఎండిన బురద కనిపిస్తే, ఇంజన్ ఎంత తియ్యగా తిరుగుతున్నా బేరం ఆపేసి వచ్చేయండి.