ఆకును నింపు కుట్టు

సూదిపని ఆడువారి కాలక్షేపము గదా, దానిని గూర్చి మాకేల చెప్పుచున్నదని తమరు తలంపవచ్చును. అయినను ఇంటి ఆడుపిల్ల కుట్టిన గుడ్డకు వెల కట్టుచోట తమ మాటయే చెల్లును. కావున ఆ పనిలోని మంచిచెడ్డలు తమకును తెలియుట మేలు.

ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల అడవిప్రక్క తాండాలలో లంబాడీ స్త్రీల సూదిపనిని తామెఱుగుదురు. అద్దములు, గవ్వలు, గళ్ళు అందు ప్రధానము. ఆకులును తీగెలును గల దిండుగలేబుల పని వేఱు. నేను నేర్చినది ఈ రెండవదియే.

మొదట నేను ఆకు గీచి, ఈ అంచునుండి ఆ అంచునకు దారమును అడ్డముగా సాగదీసి నింపితిని. చూపునకు నిగనిగలాడినది. కాని అమ్మిన గలేబులు ఉతికిన పిదప తిరిగి వచ్చినవి. పొడవైన పోగులు వదులై, గాజులకు తగులుకొని లేచిపోయినవి. గుడ్డ వెల, దారము వెల, నెలనాళ్ళ శ్రమ, మూడును నష్టమైనవి.

తరువాత ఒక వేసవిలో, తునికాకును 50 ఆకుల కట్టలుగా కట్టుచున్నచోట, ఈ పని తెలిసిన పెద్దామె యొకతె ఆకును నా చేతికిచ్చి వెలుగునకు పట్టి చూడుమనెను. నడుమ పెద్ద యీనె, దాని కిరుప్రక్కల వాలుగా పిల్ల యీనెలు. కుట్టును అట్లే నడువవలెనని చెప్పెను. దీనిని చేపముల్లు కుట్టందురు.

విధానమిది. ఆకు గీచి, నడుమ నిలువుగీటు గీయవలెను. సూదిని కొనయందు పైకి తీసి, నడిగీటుమీద వడ్లగింజ పొడవున ఒక కుట్టు వేయవలెను. పిమ్మట కొన ప్రక్కనే ఎడమ అంచున పైకి తీసి, ఆ నిలువుకుట్టు అడుగున, గీటును కొంచెము దాటించి కుడివైపున దింపవలెను. తరువాత కుడి అంచున తీసి, గీటును దాటించి ఎడమవైపున దింపవలెను. ఇట్లు మార్చి మార్చి తొడిమవఱకు సాగవలెను. ప్రతి పోగును నడుమ తన ముందుదానిని త్రొక్కి నిలుచును. పోగు పొట్టిది గనుక సులువుగా లేవదు.

లక్నో చికను పనిలోని బఖియా కుట్టునకును ఇట్టి పోలిక కలదు. పలుచని గుడ్డ వెనుక పోగులు ఒకదానినొకటి దాటి ఆకును నింపగా, ముందువైపున నీడవలె కనబడును.

జాగ్రత్తలు మూడు. దారమును బిగించి లాగినచో గుడ్డ ముడుతలు పడును. చట్రమున బిగించి కుట్టవలెను. పోను పోను కుట్లు అడ్డమునకు తిరుగును. వాలు చెడకుండ చూచుకొనవలెను. రంగుదారమును ముందుగా తడిపి తెల్లగుడ్డపై రుద్ది, రంగు దిగునేమో పరీక్షింపవలెను.

అంగుళము పొడవు గల ఆకునకు 40 కుట్లకు తక్కువ పట్టవు. గలేబునకు 30 ఆకులున్నచో 1,200 కుట్లు. బేరగాఁడు గుడ్డ వెలయు దారము వెలయు మాత్రమే లెక్కించునపుడు, తమరు ఆ కుట్లను గూడ లెక్కింపుమని చెప్పవలెను. పని గట్టిదో కాదో తెలియగోరినచో ఆకు నడుమ గోటితో మెల్లగా గీరి చూడుడు. పోగు లేవకున్నచో, ఆ పిల్ల అడిగిన వెల న్యాయమైనదే.